గాజుసీసాలో దొరికిన గొంతు

వాద్యం గాత్రాన్ని అనుసరించవలెనని మన సంగీతజ్ఞులు ఎంతోకాలంగా చెబుతూ వచ్చినారు. వీణమీద గమకం సజీవంగా పలికినప్పుడు వీణ పాడుతున్నదంటాము. వేణువులో ఊపిరి నిండుగా నిలిచినప్పుడు వేణువు పాడుతున్నదంటాము. వాద్యకారునికి మనం ఇవ్వగల మెప్పులలో అంతకుమించినది లేదు. పాశ్చాత్యదేశాల రాక్ సంగీతం మన చెవులకు తరచు ఘోషగా తోచవచ్చు. కాని ఆ ఘోష నడుమ కూడ ఇదే ఆదర్శం ఉన్నది. గాయకుడు కొంతసేపు ఆగగా, విద్యుద్గిటారు ముందుకు వచ్చి వాయించే భాగాన్ని వారు సోలో అంటారు. అందులో స్వరం నునుపుగా, దీర్ఘంగా, మానవకంఠంనుంచి వెలువడినట్లు సాగితే గిటారు పాడుతున్నదనే వారు కూడ అంటారు. ఆ నాదాన్ని కుదుర్చుకొనడానికి ఎందరో యువకులు ఈనాటికీ గిటారుమీదా, ఆంప్లిఫైయరుమీదా మరలు త్రిప్పుతూ రాత్రులు గడుపుతున్నారు. దానిని సాధించినవారిలో అగ్రగణ్యుడని పలువురు చెప్పుకొనే డ్వేన్ ఆల్మన్ చరిత్ర చాల చిన్నది. ఇరవైనాలుగేండ్ల పదకొండు నెలలలో అది ముగిసినది.

డ్వేన్ 1946 నవంబరు 20వ తేదీన టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరంలో జన్మించినాడు. తమ్ముడు గ్రెగ్ మరుసటి సంవత్సరం డిసెంబరులో పుట్టినాడు. తండ్రి విల్లిస్ సైన్యోద్యోగి. రెండవ ప్రపంచయుద్ధంనుంచి ప్రాణాలతో తిరిగివచ్చినవాడు. అటువంటి మనిషిని 1949 డిసెంబరు 26వ తేదీన, క్రిస్మస్ పండుగ మరునాడు, వర్జీనియా రాష్ట్రంలోని నార్ఫోక్ వద్ద ఒక అపరిచితుడు కాల్చి చంపినాడు. ఉపకారబుద్ధితో బండి ఎక్కించుకొన్నందుకు దక్కిన ప్రతిఫలం అది. అప్పటికి డ్వేన్‌కు మూడేండ్లు నిండి నెలయినా దాటి ఎన్నో రోజులు కాలేదు. తల్లి జెరాల్డీన్ మరల పెండ్లి చేసుకొనలేదు. ఆమె గణకవిద్య నేర్చి ఉద్యోగం సంపాదించుకొనవలసి వచ్చినది. ఆ కాలంలో పిల్లలిద్దరినీ లెబనాన్ అనే టెనెసీ పట్టణంలోని సైనికపాఠశాలలో ఉంచినది. తండ్రిలేని ఆ పసివారికి అది రెండవ శిక్షగా తోచినది. ఆ క్రమశిక్షణ డ్వేన్‌కు ఏనాడూ ఒంటబట్టలేదు.

1950ల చివర ఆ కుటుంబం ఫ్లోరిడాలోని డేటోనా బీచికి తరలివెళ్ళినది. మొదట గిటారు మోజు పుట్టినది తమ్మునికి. గ్రెగ్ ఇంటింటికీ పత్రికలు వేసి కూడబెట్టిన డబ్బుతో ఒక చౌక గిటారు కొన్నాడు. డ్వేన్‌కు దొరికినది మోటారుసైకిలు. (ఈ వాహనం అతని కథలో మొదటా చివరా కూడ కనిపిస్తుంది.) తమ్ముడు బడికి పోయినప్పుడు అన్న గిటారు తీసేవాడు, తమ్ముడు వచ్చి లాగుకొనేవాడు, ఇంటిలో నిత్యం కలహం. మోటారుసైకిలు త్వరలోనే ధ్వంసమైనది. దాని భాగాలు అమ్మగా వచ్చిన డబ్బుతో డ్వేన్‌కు కూడ ఒక గిటారు సమకూడినది. మొదటి పాఠాలు చెప్పినది తమ్ముడే. కొద్ది నెలలలోనే గురువును శిష్యుడు మించినాడు. బడి మానినాడు. గ్రామఫోను పలక తిరుగుతూ ఉండగా ముల్లు ఎత్తి, మరల పెట్టి, ఒకే పలుకును వేలికి లొంగేదాక వాయించేవాడు. నాష్‌విల్‌లో ఒక సంగీతసభలో అన్నదమ్ములిద్దరూ బి.బి. కింగ్‌ను విన్నారు. ఒక్క స్వరాన్ని పట్టి, వేలితో కంపింపజేసి, దానిచేత ఏడిపించగల నీగ్రో జాతి మహావాదకుడు ఆయన. ఆ రోజున డ్వేన్ మనస్సులో పడిన విత్తు ఎటువంటిదో తరువాతి జీవితమే చెబుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించవలె. ఈ అన్నదమ్ములలో గాత్రం తమ్మునికే దక్కినది. గ్రెగ్ పదిహేడు, పదునెనిమిదేండ్ల వయస్సునుంచే పెద్దవాని గొంతుతో, బ్రదుకులో దెబ్బలు తిన్నవానివలె పాడసాగినాడు. డ్వేన్ కూడ పాడగలడు. కాని ఆ పాటకు అతడే తృప్తిపడలేదు. 1969 మొదట్లో స్వంతంగా ఒక ఆల్బం తలపెట్టి కొన్ని పాటలు పాడినాడు గాని దానిని పూర్తిచేయక విడిచిపెట్టినాడు. తమ కూటమి ఆల్బములలో అతని జీవితకాలంలో వినబడే కంఠం ప్రధానంగా తమ్మునిదే. తనకు గొంతు తక్కువై పోయినదన్న దుఃఖం అతనికి ఉండినదో లేదో చెప్పడం కష్టం. కాని గొంతుచేయవలసిన పనిని చేతికి అప్పగించినాడని మాత్రం అతని వాద్యం విన్నవారెవరైనా ఒప్పుకొంటారు.

అన్నదమ్ములు కొన్ని కూటములు కట్టి దక్షిణరాష్ట్రాల పానశాలలలో రాత్రులన్నీ వాయించినారు. 1967లో లాస్ ఏంజెలెస్ చేరి అవర్ గ్లాస్ అనే పేరుతో లిబర్టీ కంపెనీకి రెండు ఆల్బములు ఇచ్చినారు. కంపెనీవారు వారికి విచిత్రవేషాలు వేసి, వారికి రుచించని తేలిక పాటలు పాడించినారు. అక్కడ వచ్చినది డబ్బూ కాదు, కీర్తీ కాదు. అయితే ఆ కాలంలోనే మన కథకు ముఖ్యమైన ఘట్టం జరిగినది.

తమ్ముడు తరువాత చెప్పిన వృత్తాంతం ఇది. డ్వేన్ గుర్రంమీదనుంచి పడి మోచేయి దెబ్బతిన్నది. గుర్రపుస్వారీకి పోవడం తమ్ముని దోషమేనని అలిగి మాట మానినాడు. దానితోడు జలుబు. పుట్టినరోజు వచ్చినది. గ్రెగ్ రెండు కానుకలు తెచ్చి అన్న గుమ్మంముందు పెట్టి వెళ్ళిపోయినాడు: ఒకటి తాజ్ మహల్ అనే నల్లజాతి గాయకుని ఆల్బం, రెండవది కోరిసిడిన్ అనే జలుబు మాత్రల సీసా. తాజ్ మహల్ అనేది ఆ గాయకుడు మన ఆగ్రా కట్టడంనుంచి పెట్టుకొన్న పేరు. ఆ ఆల్బంలోని స్టేట్స్‌బరో బ్లూస్ అనే పాటలో జెస్సీ ఎడ్ డేవిస్ అనే వాదకుడు స్లయిడ్ గిటారు వాయించినాడు. డ్వేన్ అది విన్నాడు. మాత్రలు బల్లమీద కుమ్మరించినాడు. సీసాను కడిగి పైకాగితం ఊడదీసినాడు. ఉంగరపు వేలికి తొడిగి తంత్రులమీద జార్చినాడు. కొన్ని గంటలలోనే తమ్ముని పిలిచి వినిపించినాడట. ఆల్బం వెలువడిన కాలానికీ పుట్టినరోజుకూ లెక్క సరిగా కుదరదని చరిత్రకారులు సందేహిస్తారు. ఇంటికథలకు తేదీలు ఎప్పుడూ కొంచెం సడలి ఉంటవి. సీసా మాత్రం సత్యం. తుదివరకూ అతడు వాడినది అటువంటి సీసానే.

స్లయిడ్ అంటే ఏమో మనవారికి సులభంగా తెలుస్తుంది. మన గోటువాద్యంలో వాదకుడు వ్రేళ్ళతో తంత్రిని నొక్కక, నున్నని కొయ్యముక్కను దానిమీద జరుపుతాడు. స్వరంనుంచి స్వరానికి మెట్టుమెట్టుగా గాక జారుడుగా పోతాడు. అమెరికా నల్లజాతివారు అదే పనిని సీసామెడతోనో, కత్తితోనో గిటారుమీద చేసినారు. గిటారుకు మెట్లున్నవి, కాని గాజు వానిని తాకదు. మామూలుగా వాయించేటప్పుడు వేలు రెండు మెట్ల నడుమ నొక్కితే చాలు. స్వరస్థానాన్ని మెట్టే సవరించిపెడుతుంది. స్లయిడ్‌లో ఆ దయ లేదు. గాజు సరిగా మెట్టుకు నెత్తిమీదనే నిలువవలె. వెంట్రుకవాసి తప్పినా అపస్వరమే. కన్ను కొంతవరకే సాయం చేస్తుంది. మిగిలినది చెవి చూచుకొనవలసినదే. అందుచేత స్లయిడ్ నేర్చినవానికి శ్రుతిజ్ఞానం గాయకునికి కలిగినట్లే కలుగుతుంది. మొదటి నెలలలో డ్వేన్ సాధన తోడివారికి దుర్భరంగా ఉండేదట. అతడు మానలేదు.

అతడు కుదుర్చుకొన్న పద్ధతి ఇటువంటిది. గిటారును తరచు ఏమీ నొక్కకుండ మీటితే ఇ మేజర్ స్వరసముదాయం పలికేటట్లు శ్రుతిచేసేవాడు. కుడిచేతిలో మీటే బిళ్ళ పట్టేవాడు కాడు. బొటనవేలితోనూ, మరి రెండు వ్రేళ్ళతోనూ తంత్రిని మీటేవాడు. కండకు తగిలిన తంత్రి మెత్తగా పలుకుతుంది, అలికిడి తక్కువ. వాయించని తంత్రులను ఆ చేతి వ్రేళ్ళతోనే అణచి ఉంచేవాడు. ఎడమచేతిలో గాజుకు వెనుకనున్న వ్రేళ్ళు తంత్రులమీద మెల్లగా ఆనించి ఉంచితే గీరుడు శబ్దం చచ్చిపోతుంది. స్వరం చేరిన తరువాత మణికట్టును లేతగా కదిపి గాజును స్థానానికి అటూ ఇటూ ఊపేవాడు. అది యంత్రంవలె ఒకే వేగంతో ఉండేది కాదు. మొదట స్వరం నిశ్చలంగా నిలిచేది, తరువాత మెల్లగా కంపించేది, గాయకుడు ఊపిరి చివర చేసినట్లు. నునుపు అంటే ఏమిటని అడిగేవారు ముందు ఈ అణచడం సంగతి తెలుసుకొనవలె. వినబడే స్వరం ఎంత అందంగా ఉన్నదనేది, వినబడకుండ చేసిన శబ్దాలు ఎన్ని అనేదానిమీద ఆధారపడి ఉంటుంది.

ఇక యంత్రాల సంగతి. తంత్రీస్వరం స్వభావంచేత అల్పాయుష్షు కలది. మీటిన క్షణంలో పెద్దగా లేచి, ఆ క్షణంనుంచే క్షీణిస్తుంది. గాయకుని స్వరానికి ఊపిరి ఉన్నంతసేపు బలం ఉంటుంది. తంత్రికి ఆ ఊపిరి పోయడానికి వాల్వు ఆంప్లిఫైయరు పనికివచ్చినది. దానిని రూపొందించినవారు మొదట శబ్దం మార్పులేకుండ పెరగాలనే కోరుకొన్నారు. కాని దాని శక్తికి మించి శబ్దం పెంచినప్పుడు వాల్వులు తరంగాల శిఖరాలను పూర్తిగా ఎత్తలేక వాని కొనలను గుండ్రం చేస్తవి. పెద్దశబ్దం ఇక పెరగదు; చిన్నశబ్దం పెరుగుతూనే ఉంటుంది. అందుచేత మీటిన దెబ్బకూ, తరువాత సన్నగిలే ధ్వనికీ గల అంతరం తగ్గి, స్వరం చాలసేపు ఒకే బలంతో నిలిచినట్లు వినిపిస్తుంది. మూలస్వరానికి తోడుగా పై ఉపస్వరాలు కూడ పుట్టి నాదం నిండుతుంది. ఇంకొక విశేషం: స్పీకరునుంచి వెలువడిన గాలి అలలు మరల వచ్చి గిటారు తంత్రినే కదిలిస్తవి, చావబోయే స్వరానికి మరల ప్రాణం పోస్తవి. మోతాదు తక్కువైతే నాదం ఎండుకర్ర కొట్టినట్లుంటుంది. ఎక్కువైతే కందిరీగల తుట్టె కదిలించినట్లుంటుంది. ఆ రెంటి నడుమ ఒక ఇరుకు త్రోవ ఉన్నది. గిటారుమీది ధ్వనిమరను కొంచెం తగ్గించితే అదే యంత్రం సౌమ్యంగా పలుకుతుంది, పెంచితే పాడుతుంది. ఆ త్రోవ తెలిసినవాడే రసికుడు.

అవర్ గ్లాస్ విచ్ఛిన్నమైన తరువాత 1968లో డ్వేన్ అలబామా రాష్ట్రంలోని మజిల్ షోల్స్ చేరినాడు. అక్కడ రిక్ హాల్ నడిపే ఫేమ్ స్టూడియోలో ఇతరుల పాటలకు గిటారు వాయించడం వృత్తి. నవంబరులో విల్సన్ పికెట్ అనే నల్లజాతి గాయకుడు వచ్చినాడు. ఏ పాట పాడించవలెనో తోచలేదు. బీటిల్స్ కూటమి అప్పుడే విడుదలచేసిన హే జూడ్ పాడితే బాగుంటుందని డ్వేన్ సూచించినాడు. పాట ఇంకా అందరి నోళ్ళలోనూ ఉండగా మరల పాడడమేమిటని హాలూ, పికెటూ సంశయించినారు. ఆ పొడుగుజుట్టు యువకుడు వదలలేదు. చివరకు రికార్డు చేసినారు. పాట చివరి భాగంలో పికెట్ గొంతెత్తి కేకలు పెడుతూ ఉంటే గిటారు అతనికి బదులు చెబుతూ పోతుంది. అక్కడ ఇద్దరు గాయకులున్నట్లే వినిపిస్తుంది. ఇంగ్లండులో ఎరిక్ క్లాప్టన్ కారులో పోతూ రేడియోలో ఆ పాట విని, బండి ఆపి, ఆ గిటారు వాయించినది ఎవరో వెంటనే తెలుసుకొనవలెనని ఆరాటపడినాడు. అప్పటికే లోకప్రసిద్ధుడైన వాదకుడు ఒక అనామకునికోసం ఆగడం చిన్నసంగతి కాదు.

ఆ స్టూడియో రోజులలో డ్వేన్ చేతిలో ఉండినది ఫెండర్ స్ట్రాటోకాస్టర్. సన్నని, పదునైన కంఠం గల గిటారు అది. దానికీ ఆంప్లిఫైయరుకూ నడుమ ఫజ్ ఫేస్ అనే చిన్న గుండ్రని పెట్టె పెట్టేవాడు. శబ్దాన్ని మొరటుగా చేయడం దాని పని. క్రొత్త బ్యాటరీకంటె కొంత అరిగిన బ్యాటరీతో అది మెత్తగా పలుకుతుందని కనిపెట్టి, అటువంటి బ్యాటరీలనే ఏరుకొనేవాడని తోడివారు చెప్పేవారు. అరెథా ఫ్రాంక్లిన్, కింగ్ కర్టిస్, బాజ్ స్కాగ్స్ మొదలైనవారి రికార్డులలో అతని గిటారు వినవచ్చు. వీరిలో కింగ్ కర్టిస్ శాక్సొఫోను వాదకుడు. ఊపిరితో వాయించే ఆ వాద్యం సాంగత్యం డ్వేన్‌కు మేలు చేసినదని నా అభిప్రాయం. శాక్సొఫోను వాదకుడు ఊపిరికోసం ఆగక తప్పదు. గిటారు వాదకుడు ఆగనక్కరలేదు గనుక ఆగడు. పాడనేర్చిన గిటారు ఆగడం కూడ నేర్వవలె. జాన్ కోల్ట్రేన్, మైల్స్ డేవిస్‌లు కలిసి వాయించిన కైండ్ ఆఫ్ బ్లూ అనే ఆల్బంను డ్వేన్ తరువాత రెండేండ్లపాటు ఇంకొకటి విననంతగా విన్నాడు.

ఇతరుల పాటలకు మెరుగుపెట్టడం అతనికి త్వరలోనే విసుగు కలిగించినది. అట్లాంటిక్ కంపెనీకి చెందిన జెర్రీ వెక్స్‌లర్ అతని ఒప్పందాన్ని హాల్ వద్ద కొన్నాడు; ఫిల్ వాల్డెన్ నిర్వహణభారం వహించినాడు. 1969 మార్చిలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో డ్వేన్ తనకు నచ్చినవారిని ఒక్కొక్కరిని పోగుచేసినాడు. రెండవ గిటారుకు డికీ బెట్స్, బాస్ గిటారుకు బెరీ ఓక్లీ, డోళ్ళకు బుచ్ ట్రక్స్, జైమో అనే ఇద్దరు. అందరూ కలిసి కొన్ని గంటలు వాయించిన తరువాత, ఈ కూటమిలో చేరనివాడు తనతో పోరాడి బయటికి పోవలసిందేనని డ్వేన్ ద్వారంవద్ద నిలిచినాడని ప్రతీతి. గాయకుడు మాత్రం లేడు. గాయకుడెవరో డ్వేన్‌కు తెలుసు. కాలిఫోర్నియాలో ఉన్న తమ్మునికి ఫోను చేసినాడు. గ్రెగ్ వచ్చినాడు. జైమో నల్లజాతివాడు. పౌరహక్కుల చట్టం వచ్చి అయిదేండ్లే అయిన దక్షిణరాష్ట్రాలలో నల్లవారూ తెల్లవారూ ఒకే బండిలో ప్రయాణం చేసి, ఒకే బల్లవద్ద తిని, ఒకే వేదికమీద వాయించడం సాహసమే. వారు జార్జియాలోని మేకన్ పట్టణంలో కాపురం పెట్టినారు. ఇద్దరు గిటారు వాదకులు ఒకే రాగాన్ని మూడవ స్వరపు ఎడంతో జంటగా వాయించడం ఈ కూటమి ముద్ర అయినది. నిజంగా అది ఇద్దరు కంఠాల జంటపాటే.

వారి మొదటి ఆల్బంలో డ్రీమ్స్ అనే పాట ఉన్నది. నా మట్టుకు డ్వేన్ వాయించినవాటిలో ఇదే శ్రేష్ఠం. లైలా పాటకు వచ్చిన ప్రసిద్ధి దీనికి రాలేదు. గ్రెగ్ దిగులుగా పాడి ఊరకున్న తరువాత గిటారు తొందరలేకుండ మొదలవుతుంది. కొంతసేపు వ్రేళ్ళతో వాయించి, నడుమ ఎప్పుడో గాజు తొడిగి జారుడుస్వరాలలో ప్రవేశిస్తాడు. ఆ మార్పు ఎక్కడ జరిగినదో మొదటిసారి వినేవానికి దొరకదు. మాట పాటగా మారినట్లుంటుంది.

ఈ కాలంలో అతడు స్ట్రాటోకాస్టర్ విడిచి గిబ్సన్ లెస్ పాల్ పట్టినాడు. 1957లో తయారైన బంగారురంగు గిటారు. బరువైన ఒడలు, రెండు చుట్టల పికప్‌లు. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు కల్పించిన పికప్ అది. పక్కపక్కన ఉన్న రెండు తీగచుట్టలను ఒకదాని కొకటి ఎదురుగా పనిచేసేటట్లు కూర్చితే విద్యుత్‌లైన్ల గుంయిమనే మోత రెంటిలోనూ పుట్టి పరస్పరం రద్దవుతుంది; తంత్రి పలుకు మాత్రం కూడుకొంటుంది. మోత పోగొట్టడానికి చేసిన ఈ ఉపాయంలో స్వరపు పదునుకొన కూడ కొంత అరిగి, నడిమి భాగం బలిసి నిండైన కంఠం వచ్చినది. దానికి తోడు మార్షల్ ఆంప్లిఫైయరు. 100 వాట్లది దొరుకుతూ ఉండగా డ్వేన్ 50 వాట్లది వాడినాడు. పెద్దది చాల బిగ్గరగా పెంచితేగాని లొంగదు. చిన్నది ముందే లొంగి మెత్తబడుతుంది. ఫజ్ పెట్టె అవసరం ఇక అతనికి తీరినది.

1970 ఆగస్టు 26వ తేదీన మయామీలో కూటమి ఆరుబయట వాయిస్తూ ఉన్నది. డ్వేన్ సోలో మధ్యలో కనులు తెరిచేసరికి వేదికకు ఎదురుగా నేలమీద కూర్చుండి క్లాప్టన్ వింటున్నాడు. డ్వేన్ చేయి ఆగిపోయినది. విషయం గ్రహించిన బెట్స్ అందుకొని ఆ సోలో నడిపినాడు. ఆ రాత్రి అందరూ క్లాప్టన్ ఆల్బం తయారవుతున్న క్రైటీరియా స్టూడియోకు పోయి తెల్లవారేదాక వాయించినారు. క్లాప్టన్ డ్వేన్‌ను తన ఆల్బంలో పాల్గొనమన్నాడు. దాని పేరు లైలా. నిజామీ కావ్యంలోని లైలామజ్నుల వియోగమే, 1949లో మన తెరమీద భానుమతీ, నాగేశ్వరరావులు నటించిన ఆ కథే, క్లాప్టన్ తన ప్రేమవేదనకు పేరుగా ఎత్తుకొన్నాడు. ఆ పాటకు ప్రాణమైన తొలి గిటారుపలుకు డ్వేన్‌దేనంటారు. ఆల్బర్ట్ కింగ్ పాడిన ఒక నిదానపు బ్లూస్ పాటలోని గాత్రపు వరుసను తీసి, వేగం పెంచి, దానిని గిటారుపలుకుగా మార్చినాడట. గొంతునుంచి చేతికి వచ్చిన స్వరం ఇంతకంటె స్పష్టంగా మరెక్కడా కనబడదు. పాట చివర పియానో సాగుతూ ఉండగా డ్వేన్ గాజును మెట్లన్నీ దాటించి, పికప్‌ల మీదుగా పైపైకి పోనిచ్చినాడు. అక్కడ స్థానం చూపే మెట్టు లేదు, గుర్తు లేదు. పక్షికూత వంటి ఆ స్వరాలు కేవలం చెవి చూపిన చోట నిలిచినవి.

ఆ స్టూడియోలో క్లాప్టనూ, డ్వేనూ పెద్ద మార్షల్ యంత్రాలు గాక, ఒకే చిన్న స్పీకరు గల ఫెండర్ ఛాంప్ అనే బుల్లి ఆంప్లిఫైయర్లు వాడినట్లు చెబుతారు. అయిదారు వాట్ల శక్తి. విద్యార్థుల కోసం చేసినది. దానిని పూర్తిగా పెంచితే చిన్నగదిలోనే నాదం పండుతుంది. మజిల్ షోల్స్‌లో సన్నకంఠపు గిటారూ, అరిగిన బ్యాటరీ. మయామీలో లెస్ పాలూ, బుల్లి యంత్రం. న్యూయార్కు వేదికమీద లెస్ పాలూ, మార్షలూ. మూడు చోట్లా మూడు రకాల సరంజామా. మూడు రికార్డులూ వరుసగా వినండి: మూడింటిలోనూ ఒకే మనిషి గొంతు. పరికరాల పట్టీ వ్రాసుకొని అంగడికి పోయేవారు ఈ వరుసను ఒకసారి తప్పక వినవలె.

1970 సెప్టెంబరులో డ్వేన్‌కు ఎరుపుచాయ గల 1959 నాటి లెస్ పాల్ ఒకటి కంటబడినది. తన బంగారు గిటారునూ, 200 డాలర్లనూ, ఒక మార్షల్ ఆంప్లిఫైయరునూ ఇచ్చి దానిని తీసుకొన్నాడు. ఇచ్చేముందు ఒక పని చేసినాడు. పాత గిటారులోని పికప్‌లను ఊడదీయించి క్రొత్తదానిలో పెట్టించి, క్రొత్తదానివి పాతదానికి అమర్పించినాడు. ఆ బంగారు గిటారు చేతులు మారి మారి 2019లో వేలానికి వచ్చి పన్నెండున్నర లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. కొన్నవారికి దక్కినది లైలా వాయించిన కొయ్య. దాని పికప్‌లను యజమాని ఏనాడో వెంట తీసుకొనిపోయినాడు.

1971 మార్చి 12, 13 తేదీలలో న్యూయార్కు నగరంలో ఫిల్మోర్ ఈస్ట్ అనే నాటకశాలలో కూటమి వాయించినదానిని టామ్ డౌడ్ రికార్డు చేసినాడు. జూలైలో రెండు పలకలుగా వెలువడినది. మొదట వినవచ్చేది స్టేట్స్‌బరో బ్లూస్. తాజ్ మహల్ ఆల్బంలో విన్న పాట మూడేండ్లకు తన పాట అయినది. సీసాగాజు తంత్రినెక్కిన తొలి క్షణంలోనే సభ లేచి కేకవేస్తుంది. ఒక పాట ఇరవై నిమిషాలకు పైబడి సాగుతుంది, ఒకటి పందొమ్మిది నిమిషాలు. అంతసేపూ వినగలగడానికి కారణం ఆ నాదపు నునుపే అనుకొంటాను. పరుషమైన ధ్వనిని మూడు నిమిషాలకు మించి చెవి భరించలేదు. ఆ ఆల్బంను 2004లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం భద్రపరచదగిన జాతీయధ్వనుల పట్టికలో చేర్చినది.

ఆ ఏడు ఆగస్టు 13వ తేదీన కింగ్ కర్టిస్‌ను న్యూయార్కులో అతని ఇంటి ఎదుటనే ఒకడు పొడిచి చంపినాడు. డ్వేన్ అంత్యక్రియలకు వెళ్ళినాడు. 26వ తేదీన ఒక రేడియో ప్రసారంలో కూటమి వాయిస్తూ ఉండగా, పాట నడుమ కర్టిస్ ప్రసిద్ధమైన సోల్ సెరినేడ్ బాణీని ఎత్తుకొన్నాడు. శాక్సొఫోను బాణీని గాజుతో వాయించిన ఆ కొద్ది నిమిషాలు వింటే, చనిపోయిన మిత్రుని ఊపిరిని అతడు తన వేలిలోనికి ఆవాహన చేసినట్లు తోస్తుంది.

అతని జీవితం నిష్కళంకమైనదని చెప్పలేము. కూటమిలో పలువురిని పట్టిన మత్తుమందు అతనినీ పట్టినది. అక్టోబరులో చికిత్సకు బఫలో నగరపు ఆసుపత్రిలో చేరి బయటికి వచ్చినాడు. ఫిల్మోర్ ఆల్బం బంగారు మర్యాద పొందినది ఆ నెలలోనే. 29వ తేదీ సాయంకాలం మేకన్‌లో ఓక్లీ భార్య పుట్టినరోజు. కూటమివారు నివసించే పెద్ద ఇంటినుంచి బయలుదేరి డ్వేన్ తన హార్లీ డేవిడ్‌సన్ మోటారుసైకిలుమీద వేగంగా పోతున్నాడు. కూడలివద్ద ఒక పెద్ద లారీ ఎదుట మలుపు తిరుగుతూ నిలిచినది. ప్రక్కకు తప్పించబోయి వాహనంతోసహా పడిపోయినాడు. కొన్ని గంటల తరువాత ఆసుపత్రిలో ప్రాణం పోయినది. తండ్రి ముప్పదియొకటవ ఏట పోయినాడు; కుమారుడు ఆ వయస్సయినా చూడలేదు. అంత్యక్రియలనాడు శవపేటిక ఎదుట కూటమివారు తమ వాద్యాలు అమర్చుకొని వాయించినారు. సంవత్సరం తిరిగిన కొద్దిదినాలకే, 1972 నవంబరు 11వ తేదీన, ఓక్లీ కూడ ఆ చోటికి మూడు వీథుల దూరంలోనే మోటారుసైకిలు ప్రమాదంలో మరణించినాడు. ఇద్దరినీ రోజ్ హిల్ శ్మశానవాటికలో ప్రక్కప్రక్కన ఉంచినారు. 2017లో గ్రెగ్ కూడ అక్కడికే చేరినాడు. గ్రెగ్ ఆ నడుమ నలభైయయిదేండ్లు పాడినాడు.

డ్వేన్ స్థానంలో చాలకాలం ఎవరూ నిలువలేదు. 1999లో బుచ్ ట్రక్స్ సోదరుని కొడుకు డెరెక్ ట్రక్స్ కూటమిలో చేరి 2014వరకూ వాయించినాడు. లైలా ఆల్బం చేసిన కూటమి పేరునుంచే అతని తల్లిదండ్రులు ఆ పేరు పెట్టినారు. అతడు కూడ ఉంగరపు వేలికి గాజుసీసా తొడిగి, బిళ్ళ లేకుండ వ్రేళ్ళతో వాయిస్తాడు. కోరిసిడిన్ మాత్రలు ఈనాడు గాజుసీసాలలో రావు. ఆ సీసా కొలతకు సరిగా, అదే మందంతో, అదే వంపుతో గాజుసీసాలు పోతపోసి సంగీతవాద్యాల అంగళ్ళలో అమ్ముతున్నారు. వాటిలో ఏనాడూ ఒక్క మాత్ర కూడ ఉండలేదు.